మొక్కు, మోకరింపు, మనసు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత నేపథ్యంలో క్రైస్తవ ప్రార్థనా భంగిమల పరిశీలన

ఉపోద్ఘాతం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పలుకుబడిలో 'మొక్కు' అనే క్రియ పరస్పరం పొసగని రెండు సన్నివేశాలలో వినిపిస్తుంది. వేములవాడ రాజన్నకు భక్తుడు మొక్కుతాడు. గడి ముందు నిలిచిన పాలేరు "బాంచెన్, కాల్మొక్త" అంటాడు. మొదటిది భక్తి, రెండవది భయం. రెండింటిలోనూ నడుము వంగుతుంది, చేతులు జోడింపబడతాయి, చూపు నేలకు దిగుతుంది. దేహం చేసే పని ఒక్కటే. దాని వెనుక ఉన్న మనఃస్థితి మాత్రం వేరు.

క్రైస్తవ ప్రార్థనలో దేహభంగిమకూ హృదయవైఖరికీ గల సంబంధాన్ని చర్చించేటప్పుడు సాధారణంగా ఒక సూత్రంతో ముగించడం కనిపిస్తుంది: భంగిమ ఏదైనా కావచ్చు, హృదయం సరిగా ఉంటే చాలు. ఈ సూత్రంలో సత్యం ఉన్నప్పటికీ, దేహాన్ని వంచడం సామాజిక నిర్బంధంగా ఉన్న చోట అది అసంపూర్ణం. అటువంటి చోట 'ఎవరి ఎదుట వంగాలి, ఎవరి ఎదుట వంగకూడదు' అన్న ప్రశ్న కూడా హృదయానికి సంబంధించినదే అవుతుంది. భాష, మతగ్రంథం, ఆరాధనాచరిత్ర, ప్రాంతచరిత్ర అనే నాలుగు ఆధారాలతో ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'మొక్కు' పదపరిధి

గ్రాంథికంలోని 'మ్రొక్కు' తెలంగాణ వాడుకలో 'మొక్కు' అయింది. క్రియగా అది నమస్కరించడాన్ని, నామవాచకంగా దేవునికి చేసుకున్న వాగ్దానాన్ని తెలుపుతుంది. మొక్కుకోవడం, మొక్కు చెల్లించడం, మొక్కుబడి అనే రూపాలన్నీ దీని నుంచి వచ్చినవే. వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఆలయంలోని కోడె మొక్కు ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఆచారం. భక్తుడు కోడెను పట్టుకొని ఆలయం చుట్టూ ప్రదక్షిణం చేసి దానిని స్వామికి సమర్పిస్తాడు. అదే ఆలయ ప్రాంగణంలో దర్గా కూడా ఉంది. కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధి, గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహక్షేత్రం ఈ ప్రాంతంలోనివే. ప్రదక్షిణాలు, పొర్లుదండాలు, సాష్టాంగాలు, దర్గా వద్ద తల వంచడం వంటి దేహభాషలు ఇక్కడ క్రైస్తవం రాకకు పూర్వమే వేళ్లూనుకొని ఉన్నాయి.

ఈ సంప్రదాయాలలో దేహమే తప్ప మనసు లేదని భావించడం సరికాదు. సాష్టాంగ నమస్కారంలోని ఎనిమిది అంగాలను లెక్కించే సంప్రదాయ నిర్వచనంలో వక్షం, శిరస్సు, పాదాలు, కరాలు మొదలైన వాటితోపాటు దృష్టి, వాక్కు, మనస్సు కూడా చేరి ఉన్నాయి. అనగా మనసు నేలకు ఆననిదే సాష్టాంగం పూర్తి కాదు. మనసును ఒక అంగంగా లెక్కించిన ఈ నిర్వచనం దేహాన్నీ హృదయాన్నీ రెండు వేర్వేరు గదులలో ఉంచదు. అంతరంగశుద్ధి లేని బాహ్యాచారాన్ని వేమన నిరసించాడు. ధర్మపురి వాస్తవ్యుడైన శేషప్పకవి తన నరసింహశతకంలో ఈ ప్రశ్నను మరొక కోణం నుంచి తాకాడు. మరణకాలంలో దేహం వశం తప్పినప్పుడు దైవస్మరణ సాధ్యం కాకపోవచ్చునని, కనుక దేహం సహకరిస్తున్నప్పుడే ఆ పని చేయాలని ఆయన ఆర్తి. దేహం మనసుకు అడ్డంకి కాదు, కొంతకాలం మాత్రమే అందుబాటులో ఉండే సాధనం అన్న గ్రహింపు అందులో ఉంది.

తెలుగు బైబిలు అనువాదకులకు అందివచ్చిన పదసంపద ఇదే. కొత్త నిబంధనలోని 'ప్రోస్కునేయో' అనే గ్రీకు క్రియకు తెలుగులో ఒకే సమానార్థకం నిలవలేదు. మత్తయి సువార్త రెండవ అధ్యాయంలో జ్ఞానులు శిశువు ఎదుట సాగిలపడి 'పూజిస్తారు'. నాలుగవ అధ్యాయంలో శోధకుడు తనకు 'నమస్కారము' చేయమని అడుగుతాడు. ఎనిమిదవ అధ్యాయంలో కుష్ఠరోగి 'మ్రొక్కుతాడు'. యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో సమరయ స్త్రీతో సంభాషణలో అదే క్రియ 'ఆరాధించు' అవుతుంది. మూలంలో ఒక్కటైన మాట తెలుగులో నాలుగుగా విడివడడాన్ని అనువాద లోపంగా కాక, వంగడంలోని తారతమ్యాలను తెలుగు భాష ఎంత సూక్ష్మంగా గుర్తిస్తుందో తెలిపే సాక్ష్యంగా గ్రహించవచ్చు. పూజ దేవునికే చెల్లుతుంది. నమస్కారం మనుషుల మధ్య కూడా చెల్లుతుంది. మొక్కు ఈ రెండింటి మధ్య ఉంటుంది. దేవుడూ దొరా పంచుకున్నది ఆ మధ్యస్థ పదాన్నే.

బైబిలులో భంగిమ: విధి, నిరాకరణ

బైబిలు ప్రార్థనకు ఏకైక భంగిమను విధించదు. సొలొమోను ఆకాశం వైపు చేతులు చాపి ప్రార్థించాడు. దానియేలు దినానికి మూడుసార్లు మోకాళ్లూనాడు. ఏలీయా నేలమీద వంగి ముఖాన్ని మోకాళ్ల మధ్య ఉంచుకున్నాడు. రోగియైన హిజ్కియా మంచం మీదనే గోడవైపు తిరిగి ప్రార్థించాడు. హన్నా పెదవులు కదిలాయి గాని స్వరం వినబడలేదు. చూచిన యాజకుడు ఆమె మద్యం సేవించిందని పొరబడ్డాడు. బాహ్యభంగిమను చూచి అంతరంగాన్ని నిర్ణయించడంలోని ప్రమాదానికి ఇది చక్కని ఉదాహరణ.

ప్రవక్తల వాణిలో హృదయప్రాధాన్యం స్పష్టం. పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరంగా ఉంచుకొన్న జనాన్ని యెషయా గద్దించాడు. వస్త్రాలను కాక హృదయాలను చింపుకొమ్మని యోవేలు పిలుపునిచ్చాడు. లూకా సువార్తలోని పరిసయ్యుడు, సుంకరి ఉపమానంలో ఇద్దరూ నిలబడే ప్రార్థిస్తారు. భంగిమ సమానం. ఒకరు ఇతరులతో తనను పోల్చుకొని తృప్తి పడతాడు, మరొకరు కన్నులెత్తడానికి కూడా జంకి రొమ్ము కొట్టుకొంటాడు. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లినది రెండవవాడు.

ఇంతవరకు సుపరిచితమైన బోధ. కాని బైబిలులో అంతగా చర్చకు రాని మరొక పాయ ఉంది. అది వంగడానికి నిరాకరించిన వారి కథ. ఎస్తేరు గ్రంథంలో రాజు ఆజ్ఞ ఉన్నా హామాను ఎదుట మొర్దెకై మోకాళ్లూనలేదు. దానియేలు గ్రంథంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు బంగారు ప్రతిమ ఎదుట సాగిలపడక అగ్నిగుండాన్ని ఎంచుకొన్నారు. అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయంలో శతాధిపతి కొర్నేలీ పేతురు పాదాలపై పడినప్పుడు, తానూ మనిషినేనంటూ పేతురు అతనిని లేవనెత్తాడు. ప్రకటన గ్రంథంలో యోహాను దేవదూత పాదాల వద్ద సాగిలపడగా దూత వారించి, దేవునికే నమస్కరించమంటాడు. వీటన్నిటికీ పరాకాష్ఠ యోహాను సువార్త పదమూడవ అధ్యాయం. అక్కడ గురువే శిష్యుల పాదాలు కడుగుతాడు. పాదాన్ని తాకడం కింది వారి విధి అన్న లోకరీతి అక్కడ తలకిందులైంది.

ఈ రెండు పాయలను కలిపి చదివినప్పుడు హృదయవైఖరి అన్న మాటకు పూర్తి అర్థం సిద్ధిస్తుంది. వంగిన దేహంలో వంగని హృదయం కపటం. వంగని హృదయం గలవారి దేహాన్ని బలవంతంగా వంచడం దౌర్జన్యం. మొదటిదానిని ప్రవక్తలు ఖండించారు. రెండవదానిని మొర్దెకై తన నిలుచున్న దేహంతో ఖండించాడు.

ఆరాధనాచరిత్రలో మారిన అర్థాలు

భంగిమకు స్థిరమైన అర్థం ఉండదన్నది క్రైస్తవ ఆరాధనాచరిత్ర చెప్పే పాఠం. తొలి శతాబ్దాల క్రైస్తవులు ఎక్కువగా నిలబడి, చేతులు చాపి ప్రార్థించేవారు. రోమునగర భూగర్భ సమాధుల గోడలపై ఈ భంగిమ చిత్రాలు నేటికీ ఉన్నాయి. క్రీ.శ. 325లో జరిగిన నిసియా మహాసభ తన ఇరవయ్యవ నిబంధనలో ఆదివారాలలోను, పెంతెకోస్తు దినాలలోను మోకరించక నిలబడి ప్రార్థించాలని నిర్ణయించింది. ఆదివారం పునరుత్థాన దినం కనుక నిలబడడం లేపబడినవారి గుర్తుగా భావింపబడింది. అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ మూడవ శతాబ్దిలో ప్రార్థనపై రచించిన గ్రంథంలో చేతులు చాపి, కన్నులెత్తి నిలబడడాన్ని ఉత్తమ భంగిమగా పేర్కొన్నాడు. ఆత్మస్థితికి దేహం ప్రతిబింబంగా ఉండాలన్నది ఆయన కారణం. పాదాలకు వ్యాధి ఉన్నవారు కూర్చొని, జ్వరపీడితులు పడుకొని ప్రార్థించవచ్చునని కూడా ఆయన అంగీకరించాడు.

నేడు క్రైస్తవ ప్రార్థనకు చిహ్నంగా చలామణి అవుతున్న, మోకరించి అరచేతులు జోడించే భంగిమ పాశ్చాత్య దేశాలలో మధ్యయుగాలలో వ్యాప్తి చెందింది. భూస్వామ్య వ్యవస్థలో సామంతుడు ప్రభువు ఎదుట మోకరించి, జోడించిన తన చేతులను ప్రభువు చేతుల మధ్య ఉంచి విధేయతను ప్రకటించేవాడు. ప్రార్థనలోని చేతుల జోడింపుకు ఈ విధేయతా సంస్కారమే మూలమని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఇంగ్లండులో సంస్కరణయుగంలో మోకరింపే వివాదాస్పదమైంది. 1552 నాటి ఆంగ్లికన్ ప్రార్థనాగ్రంథంలో, ప్రభుసంస్కారాన్ని మోకరించి స్వీకరించడం రొట్టెను ఆరాధించడం కాదని వివరించే ప్రకటనను చేర్చవలసి వచ్చింది. భంగిమ తన అర్థాన్ని తానే చెప్పుకోలేదని, దాని వెనుక ఉన్న భావాన్ని మాటలలో చెప్పుకోవలసి వచ్చిందని ఈ ప్రకటన తెలుపుతుంది.

గడి ముందు దేహం, కూడికలో దేహం

19వ శతాబ్ది చివరి దశకాలలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ సికింద్రాబాదు కేంద్రంగా నిజాం రాజ్యపు తెలుగు జిల్లాలలో విస్తరించింది. మెదక్, కరీంనగర్ ప్రాంతాలు దాని పరిధిలోకి వచ్చాయి. క్రైస్తవాన్ని స్వీకరించిన వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. యూరపు భూస్వామ్యంలో రూపుదిద్దుకొన్న మోకరింపు ఈ విధంగా మరొక భూస్వామ్య సమాజంలో అడుగుపెట్టింది. ఇక్కడి జనం అప్పటికే మరొకరి ఎదుట చేతులు జోడించి జీవిస్తున్నవారు.

గడి ముందు దేహానికి కట్టుబాట్లు ఉండేవి. చెప్పులు విడవాలి, తలగుడ్డ తీయాలి, నిలబడి మాట్లాడాలి. దొర ఎదుట మంచంపై కూర్చోవడం నేరం. 'బాంచ' అనగా బానిస. 'బాంచెన్' అనడంతో మనిషి తనను తాను బానిసగా ప్రకటించుకొనేవాడు. దాశరథి రంగాచార్య తన నవలకు 'చిల్లర దేవుళ్లు' అని పేరు పెట్టడంలో ఈ వ్యవస్థ స్వభావం వ్యక్తమవుతుంది. మొక్కులు స్వీకరించే మనుషులు దేవుళ్లుగా చలామణి అయ్యారన్న అధిక్షేపం ఆ పేరులోనే ఉంది. మరొకవైపు, ఊరి దేవాలయంలో అడుగుపెట్టే హక్కు ఈ జనానికి లేదు. జాషువ 'గబ్బిలం'లో నాయకుడు తన ఆవేదనను శివునికి చేరవేయడానికి గబ్బిలాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. ఎక్కడ వంగకూడదో అక్కడ వంగక తప్పని దేహం, ఎక్కడ వంగాలని ఉందో అక్కడికి చేరలేని దేహం: ఈ రెండు స్థితులూ ఒకే మనిషివి.

ఈ నేపథ్యంలో గ్రామీణ తెలుగు సంఘాల ఆరాధనాభంగిమలు కొత్త అర్థాన్ని సంతరించుకొంటాయి. చెప్పులు బయట విడవడం, స్త్రీలు కొంగు తలపై కప్పుకోవడం, తల వంచి కన్నులు మూయడం, మోకాళ్లపై ప్రార్థించడం అన్నీ పాత దేహభాషలోనివే. అయితే చెప్పులు విడిచేది మండుతున్న పొద వద్ద మోషే విన్న మాటను తలచుకొని, పవిత్రస్థలమన్న భావంతో. దొర కోపానికి వెరచి కాదు. వీటన్నిటికంటె గమనించదగినది కూర్చోవడం. కూడికలో పరచిన చాపపై పెద్దలూ పిన్నలూ ఒకే ఎత్తున కూర్చొంటారు. నిసియా పెద్దలకు నిలబడడం స్వేచ్ఛకు గుర్తు. గడి ముందు నిలబడడమే దాస్యం. అక్కడ దక్కనిది కూర్చొనే హక్కు. కనుక ఈ ప్రాంతంలో నేలపై చాప మీద కూర్చొని దైవవాక్యం వినడం సాధారణమైన సౌకర్యం కాదు. మనిషికి తిరిగి దక్కిన గౌరవం.

1947, 1950, 1978

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. మోకరించి సంస్కారం స్వీకరించే వారు, కూర్చొని స్వీకరించే వారు ఒకే గూటికి చేరారు. 1950లో వెలువడిన ప్రభుభోజన ఆరాధనక్రమంలో ప్రాచీన 'సమాధాన' సంజ్ఞను పునరుద్ధరించారు. ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకొనేవారి కుడి అరచేతికి ఆని, ఇద్దరి ఎడమచేతులు పైనుంచి మూసుకొంటాయి. సమాధానం బల్ల వద్ద నుంచి వరుసవరుసగా సంఘమంతటా సాగుతుంది. మధ్యయుగ సామంతుని చేతులు ప్రభువు చేతుల మధ్య కింది నుంచి పైకి చేరాయి. ఇక్కడ చేతులు పక్కవారి చేతులతో సమాన స్థాయిలో కలుస్తాయి. అంటరానితనం ఎరిగిన ఊళ్లలో ఒకరి అరచేయి మరొకరి అరచేతికి తగలడం ఎంత ఘనమైన ప్రకటనో వేరుగా చెప్పనక్కరలేదు.

1949లో జాగీర్లు రద్దయినా గడుల పెత్తనం వెంటనే అంతరించలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదం తొక్కారు. 'జగిత్యాల జైత్రయాత్ర'గా చరిత్రకెక్కిన ఆ ప్రదర్శన వెట్టికీ దొరల పెత్తనానికీ ఎదురునిలిచింది. చాకలి, మంగలి మొదలైన వృత్తులవారు దొరలకు సేవలు నిలిపివేసిన సాంఘిక బహిష్కరణలు ఆ కాలపు విశేషం. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ ఉద్యమం మతపరమైనది కాదు. దాని భావజాలం, మార్గం వేరు. దానికీ క్రైస్తవ ప్రార్థనకూ కార్యకారణ సంబంధం కల్పించడం చారిత్రక దోషం అవుతుంది. అయితే రెండూ ఒకే నేలపై ఒకే దేహభాషతో తలపడ్డాయి. 'కాల్మొక్త' అన్న మాటను దొర ముందు పలకనని ఒకటి అన్నది. మొక్కు దేవునికే చెల్లుతుందని మరొకటి బోధిస్తూ వచ్చింది. ఆ బోధను ఆచరణలో నిలపగలిగిందా అన్న ప్రశ్న మాత్రం సంఘానికి ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. మొక్కు దేవునికే అని చెప్పే వేదిక నుంచి బోధకుని పాదాలకు మొక్కే అలవాటు పుట్టినప్పుడల్లా, కొర్నేలీని లేవనెత్తిన పేతురు చేతులు అక్కడ అవసరమవుతాయి.

శ్రమించే దేహం

భంగిమచర్చలో శ్రమ కూడా ఒక అంశమే. కోరుట్ల, జగిత్యాల పరిసరాలలో వేలాది స్త్రీలకు బీడీలు చుట్టడం జీవనాధారం. చేట ఒడిలో పెట్టుకొని గంటల తరబడి ఒకే తీరున కూర్చొనే పని అది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు పని సాగినంతసేపూ సాంచాల మధ్య నిలబడే ఉంటాడు. ఒకరి దేహం కూర్చొని అలసింది, మరొకరిది నిలబడి అలసింది. మోకరింపును భక్తికి కొలమానంగా విధిస్తే ఆ కొలత అలసిన మోకాళ్లకు భారమవుతుంది. మంచం మీద గోడవైపు తిరిగిన హిజ్కియా, వ్యాధిగ్రస్తులకు ఓరిజెన్ ఇచ్చిన సడలింపు గుర్తుకు రావలసింది ఇక్కడే. ఆకు కత్తిరిస్తూ పెదవులు కదిపే స్త్రీ హన్నా వారసురాలు. ఆమె దేహం ప్రార్థనకు దూరం కాలేదు. పనిచేసే చేతులతోనే అది ప్రార్థనలో పాల్గొంటున్నది.

ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, భంగిమకు అర్థం దానంతటదిగా రాదు. అది ఎవరి ఎదుట, ఎవరి ఇచ్ఛతో జరిగిందన్నది దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది. నిసియాలో స్వేచ్ఛను సూచించిన నిలబాటు గడి ముందు దాస్యాన్ని సూచించింది. రెండవది, దేహాన్ని మనసు నుంచి విడదీయడం బైబిలు సంప్రదాయానికి గాని తెలుగు సంప్రదాయానికి గాని సమ్మతం కాదు. మనసును ఒక అంగంగా లెక్కించిన సాష్టాంగ నిర్వచనం, హృదయాలను చింపుకొమ్మన్న యోవేలు పిలుపు పరస్పరం సన్నిహితమైనవి. మూడవది, హృదయవైఖరి అంటే వినయం మాత్రమే కాదు. తగని చోట వంగడానికి నిరాకరించే స్థైర్యం కూడా అందులో భాగం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల చరిత్ర ఈ మూడవ అంశాన్ని ప్రస్ఫుటం చేస్తుంది. వంగక తప్పని కాలంలో వంగిన దేహం భక్తికి సాక్ష్యం కాజాలదు. వంగకుండా ఉండగలిగిన మనిషి తనంతట తాను మోకాళ్లూనినప్పుడే ఆ మోకరింపు ప్రార్థన అవుతుంది. ఈ కారణంచేత, దొర ముందు నిటారుగా నిలవడమూ దేవుని ముందు మోకరించడమూ పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది సాధ్యమైన మేరకే రెండవదానికి నిండైన అర్థం లభిస్తుంది.